మూడో సిలిండరు ఎప్పుడు దెబ్బతింది: కొన్న నెలలోపే షెడ్డుకొచ్చిన ఒక డీజిల్ కారు కేసు

కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ కారు పెద్ద రిపేరుతో షెడ్డుకొస్తే మెకానిక్కు రెండు సంగతులు తేల్చాలి. ఏం పోయింది, ఎప్పుడు పోయింది. అయిదేళ్లుగా ఒకరే నడుపుకుంటున్న బండికి మొదటిది తేలితే చాలు. కొని నెల తిరక్కుండా మూలపడ్డ బండికి మాత్రం డబ్బంతా రెండోదాని మీదే ఉంటుంది. అమ్మినవాళ్ల దగ్గరున్నప్పుడే పోయిందా, కొన్నవాళ్ల చేతిలో పోయిందా? జవాబు చెప్పే గుర్తులు బండిలోనే ఉంటాయి. మనం పానా పట్టి పని మొదలుపెట్టిన కొద్దీ అవి చెరిగిపోతాయి. బండి కంప్యూటరు దాచుకున్న తప్పుల కోడ్లని స్కానర్‌తో డిలీట్ చేస్తే ఒకటి పోతుంది, ఎయిర్ ఫిల్టరు డబ్బా కడిగేస్తే ఇంకొకటి, హెడ్డు (ఇంజను పైమూత) దింపి కార్బన్ గీకేస్తే అన్నిటికన్నా పెద్దది. అందుకే ఈ కేసులో పరీక్షల వరుసని కాస్త వివరంగా రాస్తున్నాను. బండి సొంతదారు ఒప్పుకున్నాకే రాస్తున్నా. పేర్లు, ఊళ్లు, బండి కంపెనీ రాయడం లేదు.

బండి 2019 మోడల్ డీజిల్ సెడాన్. నాలుగు సిలిండర్లు, కామన్ రైల్, పన్నెండు వందల యాభై సీసీ దరిదాపు ఇంజను. కొన్నది గోదావరి వైనతేయ పాయ పక్కనున్న ఒక ఊళ్లో పనిచేసే టీచరు గారు. హైవే పక్కన పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 4,75,000 రూపాయలకి కొన్నారు. కొన్న రోజు మీటరు మీద 64,180 కిలోమీటర్లు. నా షెడ్డుకొచ్చేసరికి 65,020.

ఆవిడ చెప్పింది ఇదీ: "పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్లపొగ వస్తుందండి అన్నయ్యగారూ, బండంతా వణుకుతుంది. కాసేపటికి సర్దుకుంటుంది. కానీ బ్రిడ్జి ఎక్కేటప్పుడు అస్సలు లాగట్లేదండి. లోపల ఏదో టకటకా కొట్టుకుంటుంది."

బ్రిడ్జి అన్నమాట నేను ముందు పట్టుకున్నాను. మన డెల్టాలో ఇంజన్‌కి బరువు తెలిసే చోట్లు చాలా తక్కువ. రావులపాలెం నుంచి అమలాపురం దాకా రోడ్డు బల్లపరుపు. ఎక్కడైనా ఎక్కాలంటే జొన్నాడ దగ్గర గౌతమి బ్రిడ్జి, బోడసకుర్రు బ్రిడ్జి, పాలకొల్లు వెళ్తే చించినాడ బ్రిడ్జి, అది కాకపోతే ఏటిగట్టు ఎక్కే ర్యాంపు. టెస్ట్ డ్రైవ్ హైవే సర్వీస్ రోడ్డు మీద, వేడెక్కి ఉన్న ఇంజన్‌తో ఇచ్చారట. ఒక సిలిండరు నీరసంగా ఉన్న డీజిల్ ఇంజను అలాంటి రోడ్డు మీద, వేడిగా ఉంటే, కొనేవాళ్లకి ఏమీ తెలియనివ్వదు. చల్లటి స్టార్టింగు, ఎక్కుడు, ఈ రెండూ చూడకుండా డీజిల్ బండి గురించి ఏమీ చెప్పలేం.

నాకంటే ముందు ఇంకో చోట చూపించారు. స్కానర్ పెట్టి, మూడో సిలిండరు ఇంజెక్టరు (డీజిల్ చిమ్మే ముక్కు) పోయింది, నాలుగూ మార్చేయడం మంచిదన్నారు. ఆ మాట గాలికి అన్నది కాదు. ఐడిల్లో నాలుగు సిలిండర్లూ సమానంగా తిరగడానికి కంప్యూటరు నీరసంగా ఉన్న సిలిండరుకి కాస్త ఎక్కువ డీజిల్ పంపుతుంది. ఆ సవరణ అంకె స్కానర్‌లో కనిపిస్తుంది. మూడో దానిది మిగతావాటికంటే చాలా ఎక్కువగా ఉంది. కానీ ఆ అంకె చెప్పేది ఆ సిలిండరు నీరసంగా ఉందన్న మాట వరకే. ఎందుకు నీరసపడిందో చెప్పదు. అదృష్టం కొద్దీ వాళ్లు కోడ్లు చదివారు గానీ చెరపలేదు. ఆ సంగతి తర్వాత చాలా ఉపయోగపడింది.

విప్పకుండా తేల్చుకున్నవి

ముందు స్కానర్‌లో ఉన్నవన్నీ ఫొటోలు తీసుకున్నాం. ఇంజన్, ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, బాడీ కంట్రోల్, ఇలా అన్ని మాడ్యూళ్లవీ (బండిలోని చిన్న కంప్యూటర్లు). ఆ తర్వాత రెండో ఇంజెక్టరుని మూడో స్థానంలోకి, మూడో దాన్ని రెండో స్థానంలోకి మార్చి, ఒక్కో ఇంజెక్టరుకి ఉండే సొంత కోడ్లు కూడా కంప్యూటర్‌లో మార్చి రాశాం. ఇంజెక్టరు తప్పయితే జబ్బు దాంతోపాటు రెండో సిలిండరుకి పోవాలి. పోలేదు. మూడో సిలిండరు దగ్గరే ఉండిపోయింది. నాలుగు ఇంజెక్టర్ల ఖర్చు అక్కడే తప్పింది.

తర్వాత గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌కి వేడి అందించేవి) తీసి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కితే పుట్టే ఒత్తిడి చూశాం. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు 400 నుంచి 410 పీఎస్ఐ మధ్య చూపించాయి. మూడోది 315. ఈ అంకె చూడగానే ఎవరైనా రింగులో వాల్వులో అనుకుంటారు, హెడ్డు దింపడానికి సిద్ధమవుతారు. దింపేముందు లీక్‌డౌన్ చేయాలి. పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి ఆపి, సిలిండరులోకి గాలి పట్టి, ఎంత కారిపోతుందో చూడటం. నాలుగు సిలిండర్లూ నూటికి పది, పన్నెండు దగ్గరే ఉన్నాయి. మూడోది కూడా. ఆయిల్ గేజి గొట్టం దగ్గర చెవి పెట్టినా, సైలెన్సరు దగ్గర పెట్టినా తేడా శబ్దం లేదు.

ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. గాలి కారడం లేదు, కానీ ఒత్తిడి పుట్టడం లేదు. రింగులు బాగున్నాయి, వాల్వులు బాగున్నాయి, అయినా నొక్కాల్సినంత నొక్కడం లేదు. అంటే పిస్టన్ రావాల్సినంత పైకి రావడం లేదేమో చూడాలి. పిస్టన్‌ని కింద తిరిగే క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగితే అలా జరుగుతుంది.

దీన్ని కూడా హెడ్డు దింపకుండానే కొలవచ్చు. ఇంజెక్టరు తీసిన రంధ్రంలోంచి సన్నటి స్టీలు కడ్డీ దించి, పిస్టన్ గుంట మధ్యనున్న శిఖరం మీద ఆన్చి, పైన డయల్ గేజి పెట్టి, క్రాంకుని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పిస్టన్ ఎంత ఎత్తుకి వచ్చి వెనక్కి తిరుగుతుందో ముల్లు చెబుతుంది. నాలుగింటికీ అదే కడ్డీ, అదే ఆన్చే చోటు. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు ఒకదానికొకటి ఒక మిల్లీమీటరులో పదో వంతు తేడాలో ఉన్నాయి. మూడోది వాటికంటే 1.2 మిల్లీమీటర్లు కిందే ఆగిపోయింది.

1.2 మిల్లీమీటర్లంటే చిన్నదిగా అనిపిస్తుంది గనక లెక్క చెబుతాను. ఈ ఇంజన్లో స్ట్రోకు (పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం) 82 మిల్లీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న అంకె) 17.5 దగ్గర. అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు మిగిలే చోటు, గుంటతో సహా లెక్కేస్తే, సుమారు 5 మిల్లీమీటర్ల ఎత్తుకి సమానం. దానికి 1.2 కలిస్తే 6.2. నిష్పత్తి 14.2కి పడిపోతుంది. ఒత్తిడి నిష్పత్తి కంటే వేగంగా పడుతుంది కాబట్టి 410 రావాల్సిన చోట 310 చిల్లర రావాలి. మనకి వచ్చింది 315. కంప్రెషన్ గేజి, డయల్ గేజి, లెక్క, మూడూ ఒకే మాట చెప్పాయి. అంత తక్కువ ఒత్తిడిలో చల్లటి డీజిల్ సరిగా అంటుకోదు. తెల్లపొగ అందుకే.

రాడ్డుని వంచింది ఏమిటి

డీజిల్ ఇంజన్లో రాడ్డు ఊరికే వంగదు. మామూలుగా అయితే ఓవర్ స్పీడ్ అయి పిస్టన్ వాల్వుకి తగిలి ఉండాలి, లేదా సిలిండరులోకి నీళ్లు వెళ్లి ఉండాలి. వాల్వు తగిలి ఉంటే లీక్‌డౌన్‌లో బయటపడేది. మిగిలింది నీళ్లు.

ఒక్కో సిలిండరు 312 సీసీ అనుకుంటే, పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 19 సీసీ. నాలుగు చెంచాల నీళ్లు కూడా పట్టవు. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. అంతకుమించి నీళ్లు లోపలికెళ్తే పిస్టన్ ఆగిపోతుంది, క్రాంకు ఆగదు, మధ్యలో ఉన్న రాడ్డు వంగుతుంది. ఆ తర్వాత గ్లో ప్లగ్గులు తీసి, స్టార్టరు తిప్పి నీళ్లు కక్కించి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చేస్తే బండి మళ్లీ స్టార్టవుతుంది. వంగుడు కొంచెమే అయితే నడుస్తుంది కూడా. అలా నడిచే బండి ఏదో ఒక రోజు రాడ్డు తెగి బ్లాకు పక్కకి రంధ్రం పెట్టేదాకా నడుస్తుంది. అందుకే ఆ సాయంత్రమే టీచరు గారికి చెప్పాను: "అమ్మా, ఈ బండి ఇంక స్టార్ట్ చేయకండి. ఇక్కణ్నుంచి ఎక్కడికి పోయినా లారీ మీదే పోవాలి."

ఇక్కడిదాకా ఏం పోయిందో తేలింది. ఎప్పుడు అన్నది మొదలైంది. ఆవిడ నడిపింది వేసవిలో, 840 కిలోమీటర్లు. ఎక్కడా నీళ్లలో దింపలేదంటున్నారు. ఆవిడ మాట నేను నమ్ముతాను, కానీ నా నమ్మకం కాగితం మీద పనికిరాదు. బండినే అడగాలి.

ఎయిర్ ఫిల్టరు కొత్తది. డబ్బా మూత తళతళలాడుతోంది. కానీ డబ్బా అడుగున మూలల్లో, నీళ్లు కారే చిన్న రంధ్రం చుట్టూ, ఎండిన ఒండ్రు చారలు ఉన్నాయి. ఇంజన్లోకి గాలి వెళ్లే దారిలో ఉండే ఇంటర్‌కూలరు గొట్టం విప్పితే లోపల ఆయిల్ జిడ్డు మీద సన్నటి మట్టి పొర. తర్వాత క్యాబిన్‌లోకి వచ్చాం. సీట్‌బెల్టు మామూలుగా మనం లాగేది సగమే. చివరిదాకా లాగి చూడాలి. డ్రైవరు వైపు బెల్టు ఆఖరి మూరెడు మీద అడ్డంగా మరక, వేలితో రాస్తే పొడిమట్టి. సీటు పట్టాల కింది బోల్టులు తుప్పు పట్టాయి. స్టెప్నీ గుంటలో రబ్బరు బిరడా కింద మళ్లీ ఒండ్రు. తలుపుల కింది రంధ్రాల్లోనూ అంతే. మధ్య కన్సోలు కింద నేల మీద ఉండే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు కనెక్టరు విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము.

కింద పరిచిన ఫ్లోర్ లామినేషన్ కొత్తది. దాని ఒక అంచు లేపి చూశాం. లామినేషన్ శుభ్రంగా ఉంది, కింది కార్పెట్ నురుగు గట్టిపడి, మట్టి పట్టి, వాసనేస్తోంది. అంటే మట్టి ముందు, లామినేషన్ తర్వాత. ఈ వరుస కెమెరాకి స్పష్టంగా కనిపించేలా వీడియో తీశాం. మొదట మీటరు, తర్వాత చాసిస్ నంబరు, తర్వాత లామినేషన్ అంచు, ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోలో.

ఇప్పుడు ముందు దాచుకున్న స్కానర్ ఫొటోల దగ్గరికొద్దాం. కొన్ని బళ్లలో తప్పు నమోదైనప్పుడు ఆ క్షణంలో ఇంజను వేడి, వేగం, మీటరు రీడింగు కూడా దాని పక్కనే దాచుకుంటాయి. ఈ బండిలో గాలి కొలిచే సెన్సరు తప్పు ఒకటి పాత లిస్టులో ఉంది. దాని పక్కన 63,898 కిలోమీటర్లు. కొన్న రోజు మీటరు 64,180. టీచరు గారు తాళాలు తీసుకోకముందు 282 కిలోమీటర్ల నాటి సంగతి అది. ముందు చూసినవాళ్లు అలవాటు ప్రకారం అన్నీ చెరిపేసి ఉంటే ఈ ఒక్క అంకె ఎప్పటికీ దొరికేది కాదు. తోటి మెకానిక్కులకి చేతులు జోడించి చెప్పేది ఒకటే. కొత్తగా చేతులు మారిన బండి వస్తే కోడ్లు ముట్టుకోకండి. ఫొటో తీయండి, సొంతదారుకి పంపండి, ఆ తర్వాతే మీ పని.

ఇలాంటి బళ్లు బజారుకెలా వస్తాయి

ఇది మన ప్రాంతంలో అందరికీ తెలియాల్సిన సంగతి గనక కాస్త పక్కకి వెళ్తున్నాను. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి డబ్బిస్తుంది. కానీ నీళ్లలో ఉన్న ఇంజన్ని స్టార్ట్ చేయబోయి రాడ్డు వంగితే, అది వరద వల్ల నేరుగా వచ్చిన నష్టం కాదంటారు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని వేరే యాడ్-ఆన్ తీసుకుని ఉండాలి. చాలామంది తీసుకోరు. షోరూమ్‌కి లాక్కెళ్తే ఇంజన్ పని ఎస్టిమేట్ చేతికొస్తుంది, ఇన్సూరెన్స్ రాదని తెలుస్తుంది, బండి బయట చవగ్గా నడిచేలా చేసుకుని అమ్మేస్తారు. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీయే పూర్తి నష్టంగా లెక్కేసి డబ్బిచ్చేస్తుంది. ఆ మిగిలిన బండి వేలంలో పోతుంది.

2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి గోదావరి వచ్చినప్పుడు లంక గ్రామాలవాళ్లు బళ్లు ఏటిగట్టు మీదికి తెచ్చుకున్నారు. మనవాళ్లకి నది సంగతి తెలుసు, కబురు కూడా ముందే అందుతుంది. పై నుంచి వచ్చే నీరు ధవళేశ్వరం దాటడానికి టైము పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ వైపు బుడమేరు వాగు అలా రాలేదు. ఇళ్ల ముందు నిలిపిన బళ్లు నిలిపినచోటే మునిగి రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి చెన్నైలోనూ అంతే. అలా మునిగిన బళ్లలో బాగుచేసినవన్నీ చెడ్డవనను. సరిగా బాగుచేసి, మునిగిందని చెప్పి, ఆ ధరకే అమ్మితే అందులో తప్పులేదు.

ఒకప్పుడు నంబరు ప్లేటు కొంత చెప్పేది. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి, ఏపీ 16 అంటే కృష్ణా. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీసే మొదలైంది. ప్లేటు చూసి బండి ఏ జిల్లాలో తిరిగిందో చెప్పలేం. సి-బుక్కులో అడ్రసు చూడాలి, సర్వీసు చరిత్ర తీయించాలి.

టీచరు గారు సి-బుక్కు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి చరిత్ర అడిగారు. ప్రింటు ఇచ్చారు. ఆఖరి జాబ్ కార్డు 63,905 కిలోమీటర్ల దగ్గర. బండి టోయింగ్‌లో వచ్చింది, ఎస్టిమేట్ ఇచ్చారు, పని చేయించకుండా తీసుకెళ్లిపోయారు. మాడ్యూల్లో ఉన్న 63,898కి, దీనికీ ఏడు కిలోమీటర్ల తేడా. పాత ఇన్సూరెన్స్ కాపీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివాళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా. మొదటి ఏడాది క్లెయిమ్ లేకుండా దాటితే 20 శాతం, అలా పెరుగుతూ అయిదేళ్లకి 50 శాతం అవ్వాలి. సున్నా ఉన్నంతమాత్రాన క్లెయిమ్ అయిందని చెప్పలేం. చేతులు మారినా, పాలసీ గడువు దాటి 90 రోజులు వదిలేసినా సున్నా అవుతుంది. కానీ సున్నా కనిపిస్తే ఎందుకని అడగాలి. కొనే రోజున అడిగితే ఖర్చు లేని ప్రశ్న అది.

కాగితాలు

నేను మెకానిక్కుని, చట్టం లాయరు గారు చెప్పాలి. ఆవిడకి తెలిసిన లాయరు గారు నన్ను పిలిచి అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది. "బండికి జబ్బుందని చెప్పకపోవడం వేరు, జబ్బు కనపడకుండా కప్పడం వేరు. కప్పినట్టు ఏమైనా కనిపించిందా?" 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని దాచడం మోసం కింద వస్తుందని, ఊరికే మాట్లాడకుండా ఉండిపోతే మాత్రం "మీరు చూసుకోవాల్సింది" అనే వాదనకి చోటుంటుందని వివరించారు. నా దగ్గరున్న లామినేషన్ వీడియో విలువ అప్పుడు తెలిసింది. కన్సల్టెన్సీ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ప్రకటనలోనే "కొత్త ఫ్లోరింగ్, కొత్త సీట్ కవర్లు" అని ఉంది. అంటే మట్టి మీద కొత్త ఫ్లోరింగ్ ఎవరు వేయించారో వాళ్ల మాటల్లోనే ఉంది.

కన్సల్టెన్సీ వ్యాపారం చేసే సంస్థ కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. పక్కింటాయన దగ్గర కొని ఉంటే ఆ దారి ఉండేది కాదు. ఆ చట్టం కింద కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, అమ్మినవాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. కట్టిన డబ్బు 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. కోర్టుకెళ్లేముందు సలహాకి 1915 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. ఇంకొకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర నియమాల ప్రకారం, రిజిస్టరైన బళ్లు కొని అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, సొంతదారు నుంచి బండి తమ చేతికొచ్చినప్పుడు ఆ సంగతి తెలియజేయాలి. లాయరు గారు కన్సల్టెన్సీకి పంపిన నోటీసులో ఆ వివరాలు కూడా అడిగారు.

నా వంతు రిపోర్టు. అందులో నాలుగు భాగాలు విడివిడిగా పెట్టాను: కంటితో చూసినవి, కొలిచినవి, వాటి మీద నా అభిప్రాయం, చూడనివి. నాలుగో భాగం చాలామంది రాయరు. రాయాలి. గేర్‌బాక్సు విప్పలేదు, వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్టలు) పూర్తిగా చూడలేదు అని రాస్తే, చూశానన్న వాటికి బలం వస్తుంది. "వరదలో మునిగింది" అని నేను రాయలేదు. "క్యాబిన్ నేల మట్టం దాకా బురదనీరు చేరిన గుర్తులున్నాయి" అని రాశాను. ఏ నీళ్లో నేను చూడలేదు.

నోటీసులో ముఖ్యమైన వాక్యం ఒకటుంది. హెడ్డు ఇంకా దింపలేదు, మీ మెకానిక్కుని తీసుకొచ్చి మీ ఎదుటే దింపించుకోండి, పదిహేను రోజులు ఆగుతాం. స్పీడ్ పోస్ట్‌లోనూ వాట్సాప్‌లోనూ వెళ్లింది.

మొదట ఫోన్లోనే జవాబొచ్చింది. "ఉన్నది ఉన్నట్టుగా అని కాగితం మీద సంతకం పెట్టారు కదమ్మా, ఇప్పుడేటి?" అన్నారట. సగం రిపేరు ఖర్చు ఇస్తామన్నారు. ఆవిడ కంగారుపడి నన్నడిగారు, తీసుకోనా అని. వాళ్ల మెకానిక్కు వచ్చి చూసేదాకా ఏదీ ఒప్పుకోవద్దన్నాను.

హెడ్డు దింపిన రోజు

వాళ్లు పంపినాయన పెద్ద పనివాడు, నాకంటే వయసులో పెద్ద. నేను ఏమీ చెప్పకుండా పరికరాలు ఆయన చేతికే ఇచ్చాను. ఇంజెక్టరు రంధ్రంలోంచి ఎత్తు ఆయనే కొలిచారు. హెడ్డు మేం ఇద్దరం కలిసి దింపాం. బ్లాకు మీద డయల్ గేజి పెడితే ఒకటి, రెండు, నాలుగు పిస్టన్లు బ్లాకు మట్టానికి 0.5 మిల్లీమీటర్లు పైకొచ్చాయి. మూడోది 0.7 కిందుంది. పైన 0.5, కింద 0.7, కలిపితే 1.2. విప్పకముందు వచ్చిన అంకే.

అంతకంటే పెద్ద సాక్ష్యం మూడో బోరు (సిలిండరు లోపలి రంధ్రం) గోడ మీద ఉంది. ప్రతి సిలిండరులోనూ పై రింగు తిరిగి వెళ్లిపోయే చోటికి పైన కార్బన్ పట్టీ ఒకటి పేరుకుంటుంది. రింగు అందుకోని గోడ అది. మిగతా మూడు బోర్లలో ఒకే పట్టీ, అంచు గీత గీసినట్టు. మూడో బోరులో రెండు. పైన ముదురుగా, గట్టిగా, ఏళ్ల నాటిది. దాని కింద ఇంకో సన్నటి పట్టీ, మెత్తగా, పలచగా. పిస్టన్ పై రింగు ఒకప్పుడు పై గీత దాకా వచ్చేది. తర్వాత ఏదో ఒక రోజు నుంచి కింది గీత దగ్గరే ఆగిపోతోంది. అయితే ఆ కింది పట్టీ అప్పటికప్పుడు పేరుకునేది కాదు. వంగాక బండి నడిచిందని, నడుస్తూ నడుస్తూ పేరుకుందని అది చెబుతుంది. ఎన్ని కిలోమీటర్లని కార్బన్ చూసి నేను చెప్పను, ఎవరూ చెప్పకూడదు. మాడ్యూల్లోని అంకె, జాబ్ కార్డు, ఈ పట్టీ మూడూ కలిపి చూడాలి.

సంపు (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కూడా దింపాం. రాడ్డు వంగుడు కంటికే కనిపించింది. పిస్టన్ కింది అంచు మీద, క్రాంకుకి తూకం కోసం ఉండే దిమ్మకి రాసుకున్న మెరుపు ఉంది. టకటక శబ్దం అదే. ఆ పెద్దాయన అద్దం పెట్టి చూసి, లేచి చేతులు తుడుచుకుని, మా యజమానికి నేను చెబుతానన్నారు. రిపోర్టు కింద కొలతల వరకు ఆయన కూడా సంతకం పెట్టారు. పని తెలిసిన మనిషి కొలతకి ఎదురు మాట్లాడడు.

రిపేరా, వెనక్కా

బేరం అక్కడినుంచి మారింది. పూర్తి రిపేరు ఖర్చు పెట్టుకుంటామన్నారు. నిజానికి ఇంజను వరకు అది చేయదగ్గ పనే. అదే బరువు గ్రేడు రాడ్డు, పిస్టను, రింగులు, బేరింగులు, కొత్త హెడ్ బోల్టులు, పిస్టన్ ఎత్తుకి తగ్గ మందం ఉన్న హెడ్ గ్యాస్కెట్, క్రాంకు లేత్ మీద చెక్ చేయించడం. అంతా కలిపి 90,000 దగ్గర వేశాను. అది చేసి ఇంజన్‌కి నేను పూచీ ఇవ్వగలను.

అయినా వెనక్కిచ్చేయమనే చెప్పాను. కారణం ఇంజను కాదు. ఎయిర్‌బ్యాగ్ కనెక్టరులో చిలుము చూశాం కదా, అది మాడ్యూల్ దగ్గర ఆగదు. తడిసిన రాగి తీగలో తుప్పు ఇన్సులేషన్ లోపలే పాకుతుంది, బయటికి కనపడదు. పైగా మన సముద్రతీరం వైపు పాయల్లో, చెరువుల్లో ఉప్పు శాతం ఎక్కువ. ఆ బండి తాగింది ఏ నీరో తెలియదు. ఉప్పునీరైతే తుప్పు ఇంకా తొందరగా పాకుతుంది. వచ్చే వానాకాలంలో ఒక రోజు పవర్ స్టీరింగ్ లైటు వెలుగుతుంది, ఇంకో రోజు ఏబీఎస్. అవన్నీ తిప్పలే గానీ ప్రాణం మీదికి రావు. ఎయిర్‌బ్యాగ్ అలా కాదు. అది పని చేస్తుందో లేదో ఖాయంగా తెలిసేది గుద్దుకున్న రోజునే. మొత్తం హార్నెస్, మాడ్యూళ్లు మార్చాలంటే ఆ ఖర్చు బండి ధరకి న్యాయం చేయదు. ఆవిడ రోజూ ఇద్దరు పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తారు.

ఆవిడ వెనక్కే అడిగారు. కొంత లాగులాట తర్వాత 4,55,000 బ్యాంకు ద్వారా తిరిగొచ్చింది. మిగతా 20,000 మొదట బయానాగా చేతికిచ్చిన డబ్బు, దానికి రశీదు లేదు. లాయరు గారు కమిషన్‌కి వెళ్తే అది కూడా అడగవచ్చన్నారు. ఆవిడ వద్దనుకున్నారు. నాకు మాత్రం ఆ 20,000 కూడా రావాల్సిందేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

పేరు మార్పు దరఖాస్తు అప్పటికింకా పెండింగ్‌లోనే ఉంది. బండి వెనక్కి వెళ్లేముందే దాన్ని ఉపసంహరించుకున్నారు. డబ్బు ఖాతాలో పడిన మెసేజి, ఉపసంహరణ రశీదు, రెండూ చేతికొచ్చాకే తాళాలిచ్చారు. లేకపోతే బండి ఒకరి దగ్గర, బాధ్యత ఇంకొకరి పేరు మీద మిగిలిపోతుంది.

హెడ్డు పైన ఆనించి బోల్టులు చేత్తో తిప్పి వదిలాను, బిగించలేదు. ఇంజెక్టర్లు, గ్యాస్కెట్ విడిగా సంచీలో పెట్టి లేబుల్ కట్టాను. ముందద్దం మీద "ఇంజన్ స్టార్ట్ చేయరాదు, 3వ రాడ్డు వంగి ఉంది" అని రాసిన కాగితం అంటించి, దాని ఫొటో ఇద్దరికీ పంపాను. ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించుకుని ఆ పెద్దాయనే తీసుకెళ్లారు.